తొంభై దినాల నీళ్లు

పుట్టంగనే నన్ను పెంట మీద పొర్లించి
మేనత్తకు చాటెడు తౌడుకు అమ్మి
మళ్ల కొనుక్కున్నదంట మా అవ్వ.
నాకన్న ముందు పుట్టిన ముగ్గురు దక్కలేదు.
అట్లొచ్చింది పెంటమ్మ అన్న పేరు.
పేరుకు తగ్గ కొలువే దొరికింది:
నల్లగొండల ఆడపిల్లల హాస్టలు,
పదహారు బాత్రూములు, నలభై రెండు నల్లాలు.

మా దిక్కు నీళ్లకు ఒక గుణమున్నది,
ఆగిన కాడల్ల రాయి అయితయ్.
బకెట్ల అంచుకు సున్నం, నల్లాల మూతికి సున్నం.
మా అన్న పండ్ల మీద బెల్లంరంగు చారలు,
వాటిని తోమే మందు ఏ అంగట్ల దొరకలేదు.

యాసిడ్ సీసాలు కాంట్రాక్టరు ఇస్తడు.
చేతులకు తొడుగులు ఇయ్యడు.
ఒకనాడు తొందరల బ్లీచింగ్ మీద యాసిడ్ పోసిన.
పసుపుపచ్చ పొగ గొంతుల దూరింది.
గోడ పట్టుకొని బయటికొచ్చి
వేపచెట్టు కింద కూలబడితే
మల్లెలమ్ముకునే ముసలామె నీళ్లు తాపింది.

ఆరేండ్లకు వేళ్ల మీది గీతలు అరిగినయ్.
రేషన్ షాపు మిషన్ మీద బొటనవేలు పెడితే
నువ్వెవరో తెల్వదన్నది.
చూపుడువేలు పెట్టిన. నడిమివేలు పెట్టిన.
పది వేళ్లకూ ఒకటే జవాబు.
లైన్ల నా ఎనక సైదమ్మ నవ్వింది,
"అక్కా, బాత్రూములతోని నిన్ను గూడ కడిగేసుకున్నవ్."

దేవరకొండ దిక్కు తండా పిల్ల, కెతావత్ శిరీష,
కెమిస్ట్రీ చదువుతది. ఆమె చెప్పింది లెక్క:
బెల్లం ఒక పాలు, తొక్కలు మూడు పాళ్లు, నీళ్లు పది.
ప్లాస్టిక్ డబ్బ, మూతి దాకా నింపొద్దు.

గడియారం సెంటర్ల జానీమియా జ్యూస్ బండి కింద
పొద్దుగూకే యాళ్లకు బత్తాయి తొక్కల గుట్ట.
"ఏం జేస్తవ్ అక్కా, పచ్చడా?"
"నీ బండి గూడ కడుగుత, ఇయ్యి."

మొదటి నెల దినాం మూత తీసి
దాన్ని ఊపిరి పీల్చుకోనియ్యాలె.
ఒక్క ఆదివారం మర్చిపోయిన.
అర్ధరాత్రి స్టోరు రూముల ధనాల్‌మని పేలి
వాచ్‌మన్ కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు.
గోడ నిండ తొక్కలు, వరండ నిండ పులిసిన బెల్లం వాసన.
"గుడుంబా కాస్తున్నవానే?" అన్నది వార్డెన్.

తొంభై దినాలు.
మా జీతం గూడ తొంభై దినాలకే వస్తది,
బిల్లు పాసు గాలేదంటడు కాంట్రాక్టరు.
రెండూ ఒక మూలకు పులుస్తున్నయ్.
ముందుగాల తయారైంది నీళ్లే.

వడగడితే తేనె రంగు. ముక్కుకు పులుపు,
ఆ పులుపు ఎనక యాడనో తోట.
కుంకుడుకాయలు రాత్రి నానేసి
పొద్దుగాల పిసికి ఆ రసం కలిపిన,
నురగ లేకుంటే వార్డెన్ నమ్మది.
నురగొస్తేనే పని, ఘాటుంటేనే శుభ్రం,
అట్లనే నేర్పిన్రు మరి అందరికి.

అబద్ధమెందుకు, ఒక్క పెట్టున తెల్లగ గాలేదు.
గుడ్డ తడిపి నల్లా మూతికి చుట్టి
తెల్లారేదాక ఉంచాలె,
గాయానికి కట్టు కట్టినట్టు.
పాత సున్నం అప్పటికీ ఇడువది.
ఇటుక పొడి, కొబ్బరి పీచు, ఇంకింత రెక్కల బలం.
యాసిడ్ అర నిమిషంల చేసేది
నాకు రెండు పూటలు పట్టింది.
ఆ రెండు పూటలు నేను దగ్గలేదు.

వానకాలం మొదలైనంక మళ్ల రేషన్ షాపు.
బొటనవేలు, ఎర్ర లైటు.
చూపుడువేలు, ఎర్ర లైటు.
డీలరు మొఖం తిప్పుకుంటుంటే
ఎడమచేతి చిటికెన వేలు పెట్టిన.
మిషన్ శానసేపు ఆలోచించి
కీక్‌మన్నది.

సైదమ్మ నా వేలు గుంజుకొని ఎండకు తిప్పి చూసింది.
చెల్కల తొలిసాలు తోలినట్టు సన్నటి గీతలు.
ముక్కు కాడికి తీసుకపోయి వాసన చూసింది.
"నాకొక సీసా ఇస్తవా అక్కా, ఇయ్యాల్నే?"

తొంభై దినాలు ఆగు, అన్న.