సన్న చప్పుళ్ళు

మా ఊళ్ళో గ్రావెల్ అంటే
కొండని తవ్వి లారీకెత్తడం.
లోడుకింత అని లెక్క.
మధురవాడ వైపు ఎన్ని లేఅవుట్ల కింద
ఎన్ని కొండలు పడుకున్నాయో
ఆ లారీ డ్రైవర్లకే తెలియాలి.

అందుకే అల్లిపురంలో గఫూర్ భాయ్
చక్రం గిర్రున తిప్పి చూపిస్తూ
"ఇది గ్రావెల్ సైకిల్ సార్" అంటే నవ్వొచ్చింది.
కొచ్చికి బదిలీ అయిన నేవీ ఆయనెవరో
అమ్ముకుపోయాడట.
పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు,
అరటిపండంత లావు టైర్లు.
రిటైర్మెంటు డబ్బుల్లోంచి తీసి
ఇంట్లో సగం ధరే చెప్పాను.

ముప్ఫయ్యొక్కేళ్ళు షిప్‌యార్డులో
ఓడల కడుపులు గోకాను.
ఇనుప గదిలో కూచుని
తుప్పు మీద సుత్తి, సుత్తి మీద సుత్తి.
చెవుల్లోంచి ముందు సన్న చప్పుళ్ళు పోయాయి:
పిచ్చుకలు, కుక్కర్ విజిలు,
మా సుభాషిణి గాజులు.
లావు గొంతులింకా మిగిలాయి,
కుడిపక్కకొచ్చి మాట్లాడితే.

హనుమంతవాక దగ్గర ఓ రోజు
వెనకొచ్చిన ఆటోవాడు హారన్ కొట్టే ఉంటాడు.
నేను కళ్ళు తెరిచేసరికి
చుట్టూ నోళ్ళు కదులుతున్నాయి.

అప్పట్నుంచీ కంబాలకొండే.
గేటు దగ్గర టికెట్టు చింపించుకుని
లోపలికి తిప్పితే
వెనకనుంచి వచ్చేది గాలొక్కటే.
టైర్లలో గాలి కొంచెం వదిలేస్తాను.
ఎర్రమట్టి, దాని మీద విడిరాయి,
ఎవడూ తవ్వని, ఎవడూ తూచని గ్రావెల్.
చెవి చెయ్యని పని మణికట్టు చేస్తుంది.
గరుకు, ఇంకా గరుకు, కాస్త ఇసక,
ఎండిన జీడాకుల మెత్తన,
వానకి కోసుకుపోయిన గాడి దగ్గర
మోచేతి దాకా ఒక తిట్టు.

వెదుళ్ళ మలుపు దాటాక ఎత్తు.
అక్కడ దిగి తోస్తాను, సిగ్గేం లేదు,
చూసేవాళ్ళుంటే కదా.
పైనుంచి సముద్రం ఓ చారెడు.
లంగరేసిన ఓడలు
బెర్తు కోసం కాచుకున్నాయి.
వాటిలో ఒకదాని అడుగు నేను గోకిందేనేమో.
ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది,
లేదా నాకలా ఉంది.

మొన్న ఆ దిగుడులో
వాచర్ సన్నిబాబు చెయ్యడ్డం పెట్టాడు.
కుడిపక్కకొచ్చి అడిగాడు:
"గంటేది బాబూ?"
తీసేశానన్నాను.
నాకు వినబడని దాన్ని మోసుకు తిరగడం దేనికి?
అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
"మీకోసరవేటి, ఆటికోసరం.
జీపైతే దూరాన్నే ఇనిపిస్తాది, తప్పుకుంటాయి.
మీరిలా పిల్లిలాగొచ్చి మీద పడితే
పిల్లల్తల్లి జడుసుకోదేటి?"

వినబడకపోవడం గురించే ఏడ్చాను గాని
వినిపించడం సంగతి
నేనెప్పుడు పట్టించుకున్నాను?

గఫూర్ భాయ్ ఇత్తడి గంట బిగించాడు.
డబ్బులు తీసుకోలేదు,
టీ మాత్రం నాచేత ఇప్పించాడు.

ఇవాళ పొద్దున్న తంగేడు పూసిన వంపులో
బొటనవేలితో నొక్కాను.
నాకేమీ లేదు.
వేలికింద చిన్న వణుకు, అంతే.
మోగిందో లేదో, మనసొప్పక మళ్ళీ నొక్కాను.
ముప్ఫై గజాల అవతల
ఎండుటాకుల కుప్పొకటి తలెత్తింది.
దుప్పి.
ఒళ్ళంతా చుక్కలు, రెండు చెవులూ నావైపు.
పక్కన కూన, అదీ తిరిగింది.

ఆగాను, ఒక కాలు నేల మీద.
అది కాసేపు నన్ను విన్నది.
తర్వాత, తొందరేమీ లేదు,
పిల్లని ముందుకు తోసుకుంటూ
దారి దాటింది.

గంట బాగా మోగుతోందని
ఇంటికెళ్ళి సుభాషిణికి చెప్పాను.
"నీకెలా తెలుసు?" అని
గాజుల చెయ్యి ఊపింది.