నేపథ్య శబ్దం

నిశ్శబ్దాన్ని కొలిచినందుకు నాకు గంటకింతని ఇస్తారు.
బెండిగోకి ఉత్తరాన, వాన్యారా పార్కు కంచె పక్కన
మూడుకాళ్ళ స్టాండు మీద మైకు నిలబెట్టి
దాని తలకి నల్ల స్పాంజి టోపీ తొడిగి
కారులో కూర్చున్నాను. ఒళ్ళో దుప్పటి, ఫ్లాస్కులో టీ.
నవంబరు. రాత్రి పదకొండు.

కంచెకి ఇవతల మూడు వందల ఎకరాల బీడు.
ఇక్కడే రేసు ట్రాకు వేస్తామంటున్నారు:
నాలుగు కిలోమీటర్ల తారు, పదమూడు మలుపులు,
ఏడాదికి నూట ఎనభై రోజుల ఇంజన్లు.
అవతల పార్కు. ఐరన్‌బార్క్ చెట్లు, రెల్లు, ఒక మడుగు.
మధ్యలో మూడు తీగలు.
అది కంచె అని గాలికి ఎవరూ చెప్పలేదు.

టైరు పొడి కలిసే వాననీళ్ళు వేరొకరి రిపోర్టు.
ఫ్లడ్‌లైట్లు ఇంకొకరివి. గుడ్లగూబ ఇంకొకరిది.
నాకు చెవి ఒక్కటే కేటాయించారు.
ఒక్క మడుగుని అంతమందిమి కోసుకుని పంచుకున్నాం.

మొదట ఒకటి గొంతు సవరించుకుంది.
తర్వాత ఇంకోటి. తర్వాత మడుగు మడుగంతా.
బెకబెక కాదు, ఈ దేశపు కప్ప యాస వేరు:
ఎక్కడో దూరాన ఎత్తు ఎక్కలేక
గేరు మార్చుకుంటున్న పాత మోటార్‌సైకిల్.
నా సాఫ్ట్‌వేరూ మోసపోయింది,
ఎర్రగీత గీసి కింద "వాహనం" అని రాసింది.
నవ్వొచ్చింది. అద్దం దించి ఉంది కాబట్టి
ఆ నవ్వూ రికార్డయింది.

నెలకోసారి కప్పల్ని లెక్కపెట్టే గ్లెనిస్ ట్రెహేర్
డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బూట్లు,
టార్చి పట్టుకొచ్చి కారు తలుపు తట్టింది.
"ఎవరి తరఫు?" అంది. చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక బిస్కెట్టు ఇచ్చింది.
"ఇంత గోలలోనూ ఆడకప్ప
ఒక్క గొంతునే వెతుక్కుంటూ ఈదుతుంది" అంది.
ఊరేగింపులో డీజే బండి ముందు నిలబడి
ఎవరినైనా పేరుపెట్టి పిలిచి చూశారా మీరు?
నేను పిలిచాను, మా అక్క పెళ్ళిలో. అక్క తిరిగి చూడలేదు.

ఆఫీసుకొచ్చి ఫైలు తెరిచాను.
రూలు ఇదీ: చుట్టుపక్కల ఇళ్ళ దగ్గర ట్రాకు మోత
నేపథ్య శబ్దాన్ని ఐదు డెసిబెల్స్‌కి మించి దాటకూడదు.
కప్పలతో కలిపితే నేపథ్యం నలభై నాలుగు.
కప్పల్ని తీసేస్తే ఇరవై ఎనిమిది.

కంపెనీ మనిషి డారెన్ పోకాక్ ఫోను చేశాడు. మర్యాదస్తుడే.
కూతురు గో-కార్టుల్లో జిల్లా ఫస్టట.
"కుర్రాళ్ళు హైవే మీద చచ్చేకంటే
ట్రాకు మీద తిరగడం మేలు కదండీ" అన్నాడు.
అబద్ధమేం కాదు. పోయిన ఈస్టరుకి
మలుపు స్తంభానికి కట్టిన ప్లాస్టిక్ పూలు
ఇంకా రంగు వెలవలేదు.
ఫోను పెట్టేసే ముందు అన్నాడు:
"కప్పల్ని ఉంచెయ్యండి. అవీ ప్రకృతే కదా."

ఉంచితే వాటి పాటే వాటి మీద సాక్ష్యం,
ఎంత గట్టిగా పిలుచుకుంటే ఇంజనుకి అంత చోటు.
తీసేస్తే ఇళ్ళలో నిద్ర నిలుస్తుంది,
కానీ నా రిపోర్టులో మడుగు మూగదవుతుంది.
కప్ప చెవి ఎంత మోతని ఓర్చుకుంటుందో రాయడానికి
ఏ పట్టికలోనూ గడి లేదు.
గోడలకి చెవులుంటాయని గుసగుసలాడే జాతివాళ్ళం,
రెల్లుకి లేవని ఎప్పుడు తేల్చుకున్నాం?

తీసేశాను.
ఒక్కో గొంతునీ గుర్తుపట్టి, ఎంచి, చెరిపాను.
తెల్లవారేసరికి మిగిలినవి
తీగ మీద గాలి, ఎవరిదో కుక్క,
మనుషుల చట్టానికి సరిపోయేంత నిశ్శబ్దం.

అనుబంధం ఐదు, పేజీ నూట పన్నెండు,
మీటింగులో ఎవరూ తిప్పని చోట
"తొలగించిన శబ్దాలు" అని ఒక చిన్న పట్టిక ఉంటుంది.
అందులో రాశాను:
మగకప్పలు, పదిహేడు. వాహనాలు కావు.
నవ్వు, ఒకటి. నాది.