ఆగని పాదం

సొహార్‌లో జూలై అంటే
అర్ధరాత్రి కూడా గోడ మీద చెయ్యి ఆనించలేం.
క్యాంపు నుంచి ఎవర్ని మోసుకొచ్చినా
చీటీ మీద ముందే రాసుంటుంది: వడదెబ్బ.

రాజలింగానికీ అదే రాశారు.
నూట నాలుగు జ్వరం. ఒళ్ళంతా చెమట కాలవలు.
మంచం కింద తేళ్ళున్నాయని కేకలు.
కట్టేద్దామా అన్నాడు వార్డుబాయ్.
వద్దన్నాను.
కడితే పెనుగులాడతాడు, ఒళ్ళు ఇంకా కాలుతుంది.

దుప్పటి సర్దుతూ
అరికాలు ఒక్కసారి పైకి నెట్టి పట్టుకున్నాను.
టక టక టక టక
పట్టుకున్నంతసేపూ నా అరచేతిని తొక్కుతూనే ఉంది.

పెడనలో మా నాన్న
గుంటమగ్గంలో కూచుని తెల్లారగట్ల తొక్కే తొక్కుడు.
నిద్రలో వినీ వినీ నాకు దాని లెక్క తెలుసు.
వడదెబ్బ తగిలిన పాదం
నేత నెయ్యదు.

టార్చి వేస్తే కంటిపాపలు బార్లా తెరిచిన తలుపులు.
పొట్ట మీద స్టెత్ పెడితే
లోపల కుతకుతా ఎసరు.

"ఏం మందులు వాడతాడు?"
బాలకిషన్ తన చెప్పుల వంక చూశాడు. "ఏం లెవ్వక్కా."
గొంతు తగ్గించి మళ్ళీ అడిగాను.
"కంపెనీకి చెప్పనంటే చెప్త.
పిచ్చిగోళీలని తెలిస్తే వీసా క్యాన్సిల్ జేస్తరు."
జేబులోంచి జర్దా డబ్బా తీశాడు.

దిగులుకి, లీవులో పోయినప్పుడు కరీంనగర్ డాక్టరు రాసినవి.
నడుం నొప్పికి, పక్క బెడ్డాయన పంచిన ట్రమడాల్.
ఇంకో జేబులో దగ్గుమందు సీసా, సగం ఖాళీ.
దేనికది మంచిదే. ఎవరూ విషం ఇవ్వలేదు.

డాక్టర్ ఇద్రీస్ ఆ పాదాన్ని తనూ నెట్టి చూసి
చీటీ మీది మాట కొట్టేశాడు.
సెరొటోనిన్ ఎక్కువైంది. మూడూ ఆపండి.
లోరాజెపామ్ నరంలోకి. సెలైన్. తడిగుడ్డ, ఫ్యాను, ఐసు.
పారాసిటమాల్ దండగ, వేడి పుడుతున్నది కండల్లో.
సైప్రోహెప్టడిన్ నూరి గొట్టంలో పొయ్యండి.

అన్నం తినట్లేదని
మా అక్క తన కొడుక్కి పట్టే ఆకలి మందు అది.
నూరుతుంటే నవ్వొచ్చింది, చెయ్యి వణికింది.

గంటగంటకీ పాదం నెట్టి లెక్కపెట్టాను.
ఆగకుండా. పదకొండు. ఆరు.
ఫజర్ అజాన్ వేళకి రెండు.
మగ్గం ఆగిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.
ఇవాళ ఆగితే చాలని
క్యాంటీన్ టీ చల్లారబెట్టుకుని కూచున్నాను.

డబ్బా నా లాకర్లో ఉంది.
లేచాక అడుగుతాడు.
దిగులు మందు మాత్రం సిగ్గుపడాల్సింది కాదని
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో
ఇంకా తెలీదు.