గడ్డిమేటు అడుగున

రాత్రి ఉరిమింది.
చైత్రంలో ఈ ఉరుమేమిటని
మామిడితోట పాటకు తీసుకున్నవాళ్లు తిట్టుకున్నారు గానీ
నూకాలత్త తెల్లారకుండానే తలుపు కొట్టింది:
"లేరా, ఎండెక్కేదాకా ఆగవవి."

లంకలో ఇసకమట్టి ఇంకా చల్లగా ఉంది.
నిరుటి గడ్డిమేటు కరిగి కూలినచోట
నాకు కుళ్లు కనిపించింది,
ఆవిడకి కూర.

కొంగు నడుముకి దోపి
పసిబిడ్డ దుప్పటిలా
గడ్డిని రెండు వేళ్లతో తొలగించింది.
కింద బూడిదరంగు గుడ్లు,
ఏ కోడో మర్చిపోయినట్టు.
కొన్ని అప్పుడే గొడుగు విప్పుతున్నాయి.
మరీ చిన్నవాటిని మళ్లీ కప్పేసింది,
రేపు ఇంకెవరికో.

నేనూ ఒకటి కనిపెట్టాను!
కొబ్బరిచెట్టు మొదట్లో
తెల్లగా, పొడుగ్గా, పెళ్లికొడుకులా.
"కుక్కగొడుగు" అంది తలెత్తకుండానే.
ఏటిపాయ దాకా నడిపించి
నా చేతులు ఒండ్రుతో తోమించింది.

తర్వాత గట్టు మీద కూర్చున్నాం.
పడవ అవతలి రేవులో ఉంది.
పిలవలేదు.
బుట్టలో లెక్కపెడితే పద్నాలుగు,
ఇంట్లో తొమ్మండుగురం.
"బీరకాయ కలిపితే సరి."

నా వంతుకి రెండు ముక్కలొచ్చాయి.
వేళ్లకి మాత్రం సాయంత్రందాకా
తడిగడ్డి వాసన,
మిల్లులో బస్తాల లెక్క రాస్తుంటే
అంకెల మధ్య
ఉరుముతూ.