మైదా బంక

చిత్తూరు కోర్టులో బార్ లైబ్రరీకి రెండు కిటికీలు.
ఒకటి తెరుచుకోదు.
రెండోదాన్లోంచి టీ గ్లాసుల చప్పుడు,
వాయిదా పడినవాళ్ళ గొణుగుడు.

మొగిలప్ప బీరువా తాళం తీస్తాడు.
"మళ్ళా ఆ పుస్తకమేనా మే?"
ఆ పుస్తకమే.
చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అరవై ఏడు నాటిది.
సవరణ వచ్చినప్పుడల్లా కొత్తది కొనే దుడ్లు లేక
చీటీలు కత్తిరించి పాత పేజీల మీద అంటించాడు,
మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపి.
ఒక ఏడు మైలుతుత్తం మరిచాడట.
ఆ ఏటి చీటీలన్నీ లేచి
ఫ్యాను గాలికి కొట్టుకుంటాయి.
పురుగు తిన్నది బంకనే,
అక్షరం జోలికి పోలేదు.

పదిహేనో సెక్షను
బాంబులు, డైనమైటు, తుపాకులు, విషాలు అని
వరసగా చెప్పుకొచ్చి
"లేదా మరే విధమైన సాధనంతోనైనా" అంటుంది.
మూడు రోజులుగా నా పెన్సిలు అక్కడే ఆగింది.
మా అమ్మ సరుకుల చీటీలో
కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు రాసి
అడుగున "ఇంకా ఏమన్నా ఉంటే" అని రాసేది.
నాయన ఆ ఒక్క మాటకే సంచి నింపుకొచ్చేవాడు.

నా కక్షిదారు మునెప్ప.
గ్రానైటు క్వారీలో రాతికి మందు పెట్టడం ఇరవై రెండేళ్ళ పని.
జిలెటిన్ పెట్టె ఒకటి లెక్కకు తగ్గింది.
తగ్గిన పెట్టె సంత బస్సులో తేలింది.
ఫైల్లో పన్నెండు ఫోటోలు.
ఏడోదాన్ని రెండోసారి తిప్పలేదు నేను.
అందులో కనకాంబరాల గంప చెక్కుచెదరకుండా ఉంది,
గంప మాత్రం.

పై అరలో టాడా.
ఎనభై ఐదులో పుట్టి తొంభై ఐదులో పోయింది.
పక్కన పోటా, పాలు మానకముందే పోయిన బిడ్డ.
వాటి కింద లోపలికెళ్ళినవాళ్ళు మాత్రం
చట్టం చచ్చినాక కూడా కోర్టుకు తిరిగారు,
తద్దినానికి వచ్చినట్టు.

నలభై మూడు డి.
ఆరోపణ పైకి నిజమని తోస్తే చాలు, బెయిలు లేదు.
మా తిరుపతిలో పైకి అంటే కొండ మీదికి.
అలిపిరిలో మొదటి మెట్టు మీద నిలబెట్టి
పైన దర్శనం ఎట్లయిందో చెప్పమంటోంది సెక్షను.

ఎదురు కుర్చీలో నూరుల్లా,
ప్రాసిక్యూటరు గారి జూనియరు.
పుస్తకం ఒక్కటే. గంట అతను, గంట నేను.
అతని గుర్తు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తూకం చీటీ,
నాది పొద్దుటి బస్సు టికెట్టు.
ఇవాళ తెరిస్తే రెండూ ఒకే పేజీలో.

"కనకాంబరాలామె కొడుకు వచ్చినాడు నిన్న," అన్నాడు తలెత్తకుండా.
"వాయిదా ఎప్పుడని అడిగి పోయినాడు, అంతే."
మునెప్ప పెళ్ళాం కూడా అదే అడుగుతుంది.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
అతని చేతిలో పుస్తకం అయిపోయేదాకా
గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

అయిదున్నర.
మొగిలప్ప లేచిన చీటీని వేలితో నొక్కాడు.
కింద అరవై ఏడు నాటి ఆఖరి పేజీ,
సగం దాకా అచ్చు, సగం ఖాళీ.
"రేపు బంక కాస్తాలే మే."
"వాదన అయ్యేదాకా ఆగు," అన్నాను.
"ఇప్పుడే కాయి," అన్నాడు నూరుల్లా.
ముసలాయన ఇద్దర్నీ చూసి
తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

చంద్రగిరి దాటినాక చెకింగువాళ్ళు ఎక్కారు.
సంచిలో తడిమితే చేతికొచ్చింది తూకం చీటీ.
లేచేటప్పుడు మార్చుకున్నట్టున్నాం.
టికెట్టు దొరికేలోపు
డ్రైవరు వెనక బల్బు వెలుతురులో చదివాను:
సరుకుతో లారీ బరువు ఉంది,
ఖాళీ లారీ బరువు ఉంది,
నికరం దగ్గర సిరా అలికింది.