దొంగ అడుగు

వాడపల్లి దగ్గర ఆ ఎండాకాలం
కృష్ణ బాగా వెనక్కి పోయింది.
మూసీ వచ్చి కలిసేచోట, బురదలోంచి
బక్క పశువు డొక్కలా తేలింది పడవ.
పదకొండు పక్కటెముకలు, వంగిన ముక్కు.
పేరు లేదు.

వల్లపు ఈదయ్య, దానికి తగిలి వల చిరిగితే
ముందు బూతులు తిట్టాడు,
తర్వాత నాకు ఫోన్ చేశాడు:
"కొలతల సారూ, గిన్నె లెక్క ఏందో దొరికింది.
దాని మీద మీ ఆఫీసు గుద్దు ఉన్నది."

ముప్పై ఒక్క ఏళ్లు మిర్యాలగూడలో
రైసు మిల్లుల కాటాలకు సీలు కొట్టినవాణ్ణి.
రిటైరయ్యాక ఎవరూ దేనికీ పిలవలేదు.
ఎండలోనే బస్సెక్కాను.

నేను పోయేసరికి ఊళ్లో మూడు పడవలు మునిగి ఉన్నాయి.
చంద్రమ్మ పడవ నిండా పెళ్లివాళ్లు.
సుంకరి బక్కయ్య పడవలో
రజాకార్లకు జడిసి పొందుగులకు దాటే జనం.
చాయ్ హోటల్ జానిమియా పడవలో ఉప్పు బస్తాలు,
కరోడ్‌గిరి నాకా కన్నుగప్పి, అర్ధరాత్రి.
ఎవరి పడవ మునగడం వాళ్లు
ఒడ్డున నిలబడి చూసినట్టే చెప్పారు.

పానగల్లు మ్యూజియం నుంచి వచ్చిన తస్నీమ్
ఏ పడవా ఎక్కలేదు.
గోనెపట్టా పరిచి దొరికినవన్నీ పేర్చింది:
కొలిమిలో సాగిన మేకులు,
మెడలో గోలీ ఇరుక్కున్న సోడాబుడ్డి,
చిలుము పట్టి ముద్దైన డబ్బులు.
చింతపండుతో తోముదామా అన్న ఈదయ్యను
కళ్లతోనే ఆపింది.

మెల్లగా విడదీస్తే
చార్మినారు బొమ్మ ఉన్న హాలీ పావలాలు,
కిరీటం ఉన్న చిల్లు పైసలు.
ఈ ఒడ్డు సర్కారుదీ ఆ ఒడ్డు సర్కారుదీ
ఒకే ముల్లెలో.
"నయాపైస ఒక్కటీ లేదు" అంది,
లేనిదాన్ని కూడా పుస్తకంలోకి ఎక్కిస్తూ.

అప్పుడు మానిక నా చేతికిచ్చారు.
ఇత్తడిది. అంచు కింద ఉర్దూ అంకెలు.
పదమూడు వందల యాభై ఆరు, ఫసలీ, అని చదివింది తస్నీమ్.
ఐదువందల తొంభై కలుపుకుంటే
నలభై ఆరు దాటి నలభై ఏడు.
అందరూ అబ్బ అన్నారు.
నేను గోటితో ముద్రను తడుముతున్నాను.

సర్కారు ముద్ర ఒక్క దెబ్బకు దిగుతుంది.
ఇది ఉలితో, ఒక్కో గీతా భయపడుతూ చెక్కింది.
ఐదు దగ్గర చెయ్యి వణికింది.
లోపల వేలితో తట్టాను,
బోలుగా పలికింది.
అడుగు మీద ఇంకో అడుగు.

ఎన్ని పట్టుకున్నాను ఇట్లాంటివి!
చెయ్యి దానంతటదే జేబులో
పంచనామా కాగితం వెతికింది.

"అయితే ఈ తేదీ అబద్ధమా సార్?"
ముద్ర అబద్ధం బిడ్డా. ఏడు నిజం.
పాత ఏడు చెక్కిన దొంగ అంగట్లోనే దొరుకుతాడు.
ఇదిగో, దీని కింద గీకేసిన మచ్చ చూడు,
యాభై ఐదు కనిపిస్తోందా?
ఏటేటా చెరిపి చెక్కుకున్నాడు.
యాభై ఏడు చెక్కే తీరిక ఏరు ఇవ్వలేదు.

బక్కయ్య తలపాగా విప్పి దులుపుకున్నాడు.
రజాకార్ల గడబిడ ముదిరింది ఆ తర్వాతనే.
జానిమియా అందరికీ చాయ్ పోశాడు, పైసలు అడగలేదు.
చంద్రమ్మ మాత్రం ఒప్పుకోలేదు:
"ఏం, పెండ్లికి బియ్యం కొలవరా?"

పడవ పేరు అన్నచోట గీత గీసి వదిలింది తస్నీమ్.
నేను అడిగి మరీ ఇంకో వరస రాయించాను:
ఇసుక పోసి చూడగా
రెండు గిద్దెలు తక్కువ.
ఎవరింట్లో తగ్గాయో ఆ రెండు గిద్దెలు,
ఏ ఒడ్డునో.

చీకటి పడేవేళ బస్సు దాకా వచ్చి
ఈదయ్య అడిగాడు:
"అంతా బాగనే ఉన్నది గని సారూ,
నా వల పైసలు ఏ సర్కారిస్తది?"