సవరం

కొండమీద కల్యాణకట్టలో
దినానికి డెబ్బై తలలు గీస్తాను.
నీళ్లు చల్లి, తల వంచి, నడినెత్తిన మొదటి గీత.
ఆమెదా ఆయనదా అని ఏ వెంట్రుకా నాకు చెప్పదు.
అన్నీ ఒకే తొట్టిలో పడతాయి.

దిగి కొర్లగుంటలో ఇంటికొస్తే
గడప కాడ నా బిడ్డ, పదకొండేండ్లు,
భుజం మీదికి దిగిన జుట్టు.
నన్ను చూసి కాదు, నా సంచిని చూసి
లోపలికి పోతుంది.

బిడ్డ అంటున్నా, గమనించినారా.
వచ్చినాడు అంటే తన మొగం ముడుచుకుంటుంది,
వచ్చింది అంటే మా యమ్మ మొగం.
బిడ్డ వచ్చింది అంటే
ఇద్దరూ తలెత్తరు, అన్నం తింటారు.
ఈ ఉపాయం ఏ డాక్టరూ చెప్పింది కాదు,
నా పెండ్లాం రెడ్డెమ్మది.

బడి నుంచి పెద్దయ్యవారు కబురంపినారు:
ఊరందరికీ గొరుగుతావే, నీ కొడుక్కు తీరిక లేదా?
ఆ రాత్రి నేను చేసిన పని
కత్తెరకూ నాకూ తప్ప తెలీదనుకున్నా.
సెల్లు వెలుగులో నిద్రపోతున్న తల.
ఇన్నేండ్ల చేయి
ఆ ఒక్క తల దగ్గర వణికింది.
పొద్దున బిడ్డ ఏడవలేదు, అడగలేదు,
అద్దం మీద తువ్వాలు కప్పి బడికి పోయింది.
ఆ తువ్వాలు నెల దినాలు ఎవరం తీయలేదు.

రుయా ఆసుపత్రి, పద్నాలుగో గది.
బయట బెంచీ మీద పుత్తూరాయన ఒకడు,
పక్కన ప్యాంటు చొక్కాలో తన కూతురు.
మేమిద్దరం వానల గురించే మాట్లాడుకున్నాం.

లోపల ఫ్యాను తిరిగేది తక్కువ, మూలిగేది జాస్తి.
నఫీసా మేడం బిడ్డ ముందుకు రంగు పెన్సిళ్లు జరిపి
నా వైపు తిరిగినారు.
"ఈ రోగం ఏంది మేడం?"
"రోగం కాదు" అన్నారు,
బియ్యంలో రాళ్లు లేవన్నంత మామూలుగా.
"మీకేం భయం?"

నాకా?
లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడితే
చప్పట్లు కొట్టి చేయి చాచేవాళ్లు.
నా బిడ్డ ఆడ నిలబడతాదని, మేడం.
"వాళ్ల నాయన యాడున్నాడని
ఎప్పుడైనా అడిగినారా?"

గంగమ్మ జాతరకు ఏటేటా
మొక్కు తీర్చను చీర కడతాను నేను.
మీసం మీసంగానే ఉంటుంది,
సవరం పెట్టి, మల్లెలు చుట్టి
తాతయ్యగుంట దాకా నడుస్తాను,
వీధి వీధంతా దండం పెడుతుంది.
ఆ సవరానికి జడ అల్లేది నా బిడ్డే.
"నువ్వు రాత్రికి విప్పేస్తావు కదా నాయనా"
అనింది పోయిన ఏడు, కుచ్చులు కడతా.
ఆ మాటలో ఇంకో సగం ఉందని తెలుసు.
అడగలేదు.

అదంతా చెప్పేసినా. కత్తెర సంగతి కూడా.

బిడ్డ తల ఎత్తకుండా, రంగు వేస్తానే అనింది:
"నేను మేలుకునే ఉన్నా."

"మరి అరవలేదేం" అన్నా,
చివరి 'రా' గొంతులోనే మింగి.

"నీ చేయి వణుకుతా ఉండింది.
కదిలితే తెగుతాదని."

రెడ్డెమ్మ కొంగు నోట్లో కుక్కుకునింది.
మేడం నీళ్ల సీసా నా వైపు తోసినారు.
మూత తీయను చేతకాలేదు.

బొమ్మ కింద బిడ్డ ఒక పేరు రాసుకునింది.
అది మీకు చెప్పను.
తనను అడిగే చెప్పాలంట.
అడిగినా. ఇప్పుడే వద్దనింది.

వచ్చే గురువారం అవ్వను కూడా పిలుచుకొని రావాలంట.
"నాకేం పిచ్చా, నేనెందుకు" అంటానే
మా యమ్మ మంచి చీర తీసి ఉతికి ఆరేసింది.

ఈ పొద్దు డ్యూటీ దిగి
సంచి బయట చెప్పుల పక్కనే పెట్టినా.
జుట్టు మళ్లీ చెవి తమ్మెల దాకా వచ్చింది.
"నూనె రాస్తావా" అని
వీపు నా వైపు తిప్పి కూర్చునింది బిడ్డ.
కండ్లు మాత్రం మూసుకోలేదు.
అద్దంలో నా చేతుల్నే చూస్తా ఉంది.